తెల్లచీర లేని దయ్యం

మూడోసారి కూడా దయ్యాన్ని చూసి ఊళ్లోవాళ్లు నవ్వారు.

డైరెక్టర్ రామ్‌చందర్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "సాయంత్రంలోగా వీళ్లు భయపడకపోతే రేపు హైదరాబాద్ నుంచి వేరే మేకప్‌మ్యాన్ దిగుతాడు సుమయ్యా. నువ్వు కొత్తగూడెం బస్సెక్కు."

కొత్తగూడెంలో పెళ్లికూతుళ్లను ముస్తాబు చేసి బతికే సుమయ్యకు ఇది మొదటి సినిమా. ఇది పోతే రెండోది రాదు. దయ్యం వేషం వేసిన దుర్గకు తెల్లచీర కట్టింది, జుట్టు విరబోసింది, కళ్ల కింద కాటుక పులిమింది, వెనకాల పొగ పెట్టించింది. అడవిలో చీకటిపడ్డాక షూటింగ్ వద్దని చర్ల పోలీసు క్యాంపువాళ్లు చెప్పడంతో, కెమెరాకు నీలం అద్దం తగిలించి పట్టపగలే రాత్రిని తయారుచేస్తున్నారు. ఇంకేం లోటు?

పారిపోవాల్సిన గుంపులోంచి జంపక్క అనే ఊరామెను పక్కకు పిలిచింది. "ఎందుకు నవ్వుతున్నరక్కా?"

"నవ్వక ఏం జేత్తం బిడ్డా? తెల్లచీర కట్టి మా ఊరికొచ్చేది దవాఖాన నర్సమ్మ ఒక్కతే. జరమొస్తే గోలీలిస్తది. ఆమెను జూసి ఉరుకుమంటే ఎట్ల ఉరుకుతం?"

"మరి మీకు దేన్ని జూస్తే భయం?"

జంపక్క మాట్లాడుతూనే వంగి, రాలిన ఇప్పపూలు ఏరి ఒళ్లో వేసుకుంటోంది. "గీ పూలు ఏరి అమ్ముడే మాకు ఏడాది ఆసరా. పసిపిల్లగాడు గూడ తొక్కడు. ఖాళీ గంప పట్టుకొని, కిందికి సూడకుంట, పూలు తొక్కుకుంట ఎవలన్న వచ్చిన్రనుకో... అది మనిషి గాదు."

సుమయ్య పరుగెత్తింది. దుర్గ ముఖానికున్న కాటుకంతా కడిగేసింది. జుట్టు ముడేసి, ఊళ్లోవాళ్ల పాతచీర కట్టి, చంకలో ఖాళీ గంప పెట్టింది.

"దయ్యమా ఇది? పక్కింటామెలా ఉంది," అన్నాడు రామ్‌చందర్.

"ఒక్క షాట్ సార్. నవ్వితే బస్సు నేనే ఎక్కుతా."

దుర్గ ఇప్పచెట్ల కింద నడిచింది. చూపు ఎదురుగా, పాదాల కింద పూలు చితుకుతూ. నవ్వు వినిపించలేదు. ఒక తల్లి బిడ్డను చంకకెత్తుకుంది. ఉపాయం చెప్పిన జంపక్కే రెండడుగులు వెనక్కేసింది. ఆ తర్వాత ఎవరూ ఉరకమనకుండానే గుంపంతా ఉరికింది.

కట్ చెప్పడం కూడా మరిచి, రీలు అయిపోయేదాకా రామ్‌చందర్ అలాగే నిలబడ్డాడు. చివరికి నేల మీది టోపీ తీసి దులిపాడు.

"రేపు బావి సీన్. అందులో దయ్యం ఎలా ఉండాలి సుమయ్యా?"

"నాకు తెల్వదు సార్. అడిగొస్తా," అంటూ సుమయ్య జంపక్క ఉరికిన దారి పట్టింది.