ఫార్మాలిన్ మొనగాడు

పటాన్‌చెరు పక్కన ఒక కెమికల్ కంపెనీలో యాదన్న పన్నెండేళ్లుగా ఫార్మాలిన్ డ్రమ్ములు నింపుతున్నాడు. ఆ ఘాటుకు కొత్తవాళ్లు కళ్లు తుడుచుకుంటే పగలబడి నవ్వేవాడు. ఒకసారి అలవాటైతే అది ఇక మనిషిని ఏమీ చేయదని అక్కడి పాతకాపుల నమ్మకం. మరి మణికట్ల మీద ఆ దద్దుర్లేమిటని భార్య వనజ అడిగితే ఉక్కపోత అనేవాడు. కంపెనీ డాక్టరుదీ అదే మాట. చలికాలంలో ఉక్కపోత! ఆయన చదువు మీద వనజకు ఏనాడో రోత పుట్టింది.

దవడ పన్ను సలుపుతుంటే ఆమే మొగుణ్ని పంటి డాక్టరు హరినాథ్ దగ్గరికి లాక్కొచ్చింది. "ఏమన్న మందులు పడవా?" అని ఆయన అడిగాడు.

"నాకా? ఫార్మాలిన్ల మునిగి తేలెటోన్ని సార్. నాకు పడని మందు ఇంక పుట్టలే," అన్నాడు యాదన్న ఛాతీ విరిచి.

డాక్టరుకూ ఆ మాట చాలింది. పంటి లోపలి నరం తీసి, వేరులో మందు దూది పెట్టి మూసేశాడు. ఆ మందులో ఉన్నది ఫార్మాలినే.

ఇల్లు చేరేలోపే యాదన్న ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, పెదవులు ఉబ్బాయి, ఊపిరి ఆడలేదు. వనజ ఆటోను ఆసుపత్రికి తిప్పించి సూది వేయించింది. ఆమె ఫోన్ చేస్తే హరినాథ్ పరుగున వచ్చి దూది తీసేశాడు.

"ఆ దూదిల ఉన్నది ఫార్మాలినే. ఇన్నేండ్లల్ల నీ ఒళ్లు దాన్ని పగోన్ని చేసుకున్నది. ఇగ చేతులకు గూడ తగలొద్దు. మల్ల తగిల్తె బతుకుడు కష్టం. చీటీ రాసిస్త, కంపెనీల చూపియ్యి."

యాదన్న ఆయన చేయి పట్టుకున్నాడు. "ఫార్మాలిన్ అని రాయకుండ్రి సార్, రేపే తీసేస్తరు. వంకాయ కూర పడలే అని రాయిండ్రి."

వనజకు ఒళ్లు మండింది. "రాయిండ్రి సారూ! డ్రమ్ములల్ల వంకాయలే నింపుతున్నడు గద పన్నెండేండ్ల సంది! పానం పొయ్యేటట్టున్నా నౌకరి ముచ్చటేనా, సిగ్గులేనోడా!"

వంకాయ అని రాస్తే తన తప్పు కూడా దాని కిందే దాగుతుందని హరినాథ్‌కు తెలుసు. ఆ పాపం ఒక్కడే మోయలేక, "నువ్వే చెప్పమ్మా, ఏం రాయాలె?" అన్నాడు.

వనజ నోరు తెరిచింది. ఆ నౌకరి తప్ప ఇంటికి ఇంకో ఆదరువు లేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"వంకాయనే రాయిండ్రి," అంది.