బావి లోతు నలభై ఐదు మీటర్లు

ఎంసెట్ పిల్లలు హాల్లో రాసే పరీక్ష ఒకటి, తిరుగు బస్సులో రాసుకునే పరీక్ష ఇంకొకటి. రెండోదే కష్టం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలిసినా పట్టుకోకుండా ఉండలేరు. ఆ ఏడు కరీంనగర్‌లో పరీక్ష రాసి గోదావరిఖని బస్సెక్కినవాళ్లు పెద్దపల్లి రాకముందే కెమిస్ట్రీ ముగించి ఫిజిక్సులో పడ్డారు. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల జవాబే కరెక్టు.

వెనక సీట్లో లింగమూర్తి తన తప్పులు లెక్కపెట్టుకుంటున్నాడు. అతని తండ్రి రాయమల్లు బొగ్గు గనిలో టబ్బుల్లో బొగ్గు నింపే ఫిల్లరు. మోకాళ్లు అరిగిపోయాయి, దగ్గు ఆగదు. ఇంట్లో ఒప్పందం ఎప్పుడో కుదిరింది. కొడుక్కి ఇంజనీరింగ్ సీటొస్తే ఆ మోకాళ్లతోనే ఇంకో నాలుగేళ్లు ఈడుస్తాడు. రాకపోతే ఈ వానాకాలంలోనే కంపెనీ డాక్టర్ల దగ్గర అన్‌ఫిట్ అయి దిగిపోతాడు, ఆ ఉద్యోగంలోకి కొడుకు ఎక్కుతాడు. కాలనీలో సగం మంది కుర్రాళ్లు అలాంటి ఉద్యోగం కోసమే మొక్కులు మొక్కుతున్నారు. లింగమూర్తికి మాత్రం గని లోపలికి దిగడమంటే భయం. నాన్న రోజూ దిగే చోటికి తాను భయపడటమేమిటని సిగ్గు కూడా. సిగ్గుపడినంత మాత్రాన భయం పోతుందా?

"బావి లెక్క ఎంత పెట్టిన్రు?" అని అడిగాడు పక్కనున్న ఖాజా. అతను స్కూటర్ మెకానిక్ కొడుకు, లింగమూర్తితో పాటు తెలుగు మీడియం.

నలభై ఐదు మీటర్ల లోతున్న బావిలోకి రాయిని జారవిడిస్తే అడుక్కి చేరడానికి ఎన్ని సెకన్లు పడుతుంది, అదీ లెక్క. ముందు సీట్లోంచి శశిధర్ వెనక్కి తిరగకుండానే మూడన్నాడు. అతను జ్యోతినగర్ కరెంటు ప్లాంటు ఇంజనీరు గారబ్బాయి, ఇంగ్లిషు మీడియం. ఖాజాదీ మూడే.

"ఆరు," అన్నాడు లింగమూర్తి.

ఇద్దరూ అతని వైపు తిరిగారు. లింగమూర్తి తొణక్కుండా వివరించాడు. రాయి జారుతోంది కాబట్టి అది ఏటవాలు మీద లెక్క. కోణం ఇవ్వకపోతే ముప్పై డిగ్రీలు వేసుకోమని ట్యూషన్ సారు చెప్పాడు. అలా వేస్తే సరిగ్గా ఆరొచ్చింది, ఆప్షన్లలో ఆరు ఉంది కూడా.

"బావిలో ఏటవాలేమిటి?" అన్నాడు శశిధర్.

"బాయి ఏటవాలుగనే ఉంటది గద."

ముందు అర్థమైంది ఖాజాకే. మెల్లగా, "అరే, మన బాయి కాదుర. నీళ్ల బాయి," అన్నాడు.

గోదావరిఖనిలో గనిని గని అనేవాళ్లు లేరు. అది బాయి. బాయి పని, బాయి దొర, బాయికి పోయిండు, అన్నీ అవే. ఆ బాయిలన్నీ చాలామటుకు ఇంక్లైన్లు, నేలలోకి వాలుగా దిగే దారులు, పట్టాల మీద టబ్బులు జారే దారులు. కంపెనీ నల్లా నీళ్లు తాగి పెరిగిన కుర్రాడికి బావి అనగానే ఇంకేం గుర్తొస్తుంది? పైగా ప్రశ్నలో జారవిడిస్తే అనే ఉంది. పక్కనే ఇంగ్లిషులోనూ ప్రశ్న ఇచ్చారు, అటు ఓ చూపు చూస్తే సరిపోయేది. చూడలేదు.

ఈ సంగతి సీటు సీటుకీ పాకి బస్సంతా నవ్వింది. బాగుండదని లింగమూర్తీ నవ్వాడు. ఒక్క లెక్కతో సీటు పోదని శశిధర్ మంచిగానే ఓదార్చాడు. కానీ మిగతా తప్పులు కలుపుకుంటే లింగమూర్తి అప్పటికే అంచు మీద ఉన్నాడు. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాడు.

ఇల్లు చేరేసరికి రాయమల్లు క్వార్టరు ముందు మంచం మీద కూర్చుని మోకాళ్లకు ఆముదం రాసుకుంటున్నాడు. ఎట్ల రాసినవని అడిగాడు. ఫలితాలు వచ్చేదాకా ఏదో ఒకటి చెప్పి నెట్టుకురావచ్చు. లింగమూర్తికి ఆ ఓపిక లేదు. సీటు కష్టమేనని చెప్పి, ఎందుకో ఆ బావి లెక్క కూడా చెప్పాడు.

రాయమల్లు శ్రద్ధగా విన్నాడు. "వాలు ఎంతున్నదన్నరు?" అని అడిగాడు.

లింగమూర్తికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. "వాలు లేదు బాపు. అది నీళ్ల బాయి."

రాయమల్లు ఆముదం గిన్నె పక్కన పెట్టాడు. కొడుకు దిగకూడదని ఇన్నేళ్లూ తాను దిగాడు. వాడు ఇంట్లో కూర్చునే దిగాడని ఇవాళ తెలిసింది.

"మీ మామ పొలం కాడ చేదబాయి ఉన్నది. రేపు పోయి అండ్ల ఓ రాయేసి సూసి రా," అన్నాడు.

"ఇప్పుడెందుకు బాపు?"

"వచ్చే ఏడు మల్ల రాస్తవు గద."

లింగమూర్తి ఆ మోకాళ్ల వైపు చూసి వద్దనబోయాడు. లోపల సంతోషంగా ఉంది, అలా సంతోషంగా ఉన్నందుకు అసహ్యంగానూ ఉంది.

తెల్లవారి రాయమల్లు మోకాళ్లకు గుడ్డలు చుట్టుకుని మొదటి షిఫ్టుకు పోయాడు.