వల కన్ను లేని పటం

విడవలూరు నుంచి దొరవారిసత్రం దాకా సముద్రం ఒడ్డున ఎవరు ఏ పటం గీసినా, ఒక్క చూపులో తప్పు పట్టగలిగినవాడు ఒకడే ఉన్నాడు. వాడే ఈ కథ చెబుతున్నాడు. ఇక మీరు నిశ్చింతగా వినండి.

మా పాళెం పిల్ల రోజారమణి గూడూరులో పటాలు గీసే ఆఫీసులో పనిచేస్తుంది. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి ఆ పని నేర్పినవాడు మేనత్త కొడుకు వినోద్. ఒకసారి వాళ్ల బల్ల మీదికి మా ఊరి పటమే వచ్చింది. మా ఆడవాళ్లు చేపలు ఎండబెట్టుకునే దిబ్బను రమణి ఒక పొరగా గీసి, నిండా ఎడమకు వాలిన గీతలు నింపింది. రొయ్యల గుంటలకు ఒక కంపెనీ అడిగిన స్థలాన్ని ఇంకో పొరగా దాని మీద వెయ్యాల్సింది వినోద్. "నావి కుడికి వాలుస్తా. దిబ్బ మీద పడితే ఇట్టే తెలిసిపోతాది" అని మాట ఇచ్చాడు.

కంపెనీకి ఆ స్థలం ఇవ్వొచ్చా లేదా అని ఊరివాళ్లను అడగడానికి సభ పెడతామన్నారు. ఆదివారం రమణి ఇంటికొచ్చి అందరికీ అదే చెప్పింది. "రెండూ ఒకదాని మీదొకటి పడినచోట వల కన్నులా కనిపిస్తాది. వల కనిపిస్తే మాత్రం సంతకం పెట్టొద్దు."

వల కన్ను ఎరగనివాళ్లు మా పాళెంలో పిల్లులు తప్ప లేరు. పిల్లులకూ తెలుసనుకోండి.

సభ రోజున పటం గోడకు తగిలించారు. ఎంత వెతికినా వల లేదు. అన్నీ ఒకే వైపు వాలిన గీతలు, నూనె రాసి దువ్విన తలలాగా. అభ్యంతరం లేదన్న కాగితం మీద మొదటి సంతకం ఎవరిదో తెలుసా? ఆ ఒక్కచూపు పండితుడిదే. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి, గోడకు ముక్కు ఆనించి, "బ్రహ్మాండం" అని మరీ పెట్టాడు.

ఆ కబురు ఫోనులో విని రమణి పొంగిపోయింది. మర్నాడు కళ్లారా చూసుకుందామని పటం తెరిచింది. దిబ్బ కనిపించలేదు. పై పొర తీసేసి చూస్తే, చెక్కు చెదరకుండా అడుగున ఉంది. వినోద్ తన గీతలనూ ఎడమకే వాల్చి, రెండు పొరల గీతలూ ఒకే బిందువు దగ్గర మొదలయ్యేలా కలిపేశాడు. గీత మీద గీత కూర్చుంది.

"ఏంది బావా ఇది?"

"కలిపితే నీట్‌గా ఉంటాదని మన ఆఫీసు సారు చెప్పినాడు. నీ గీత ఒక్కటి తుడిపినానా? కిందనే ఉన్నాయి కదా."

"పూడ్చిన శవం కూడా కిందనే ఉంటాది."

"పని నేర్పించినోణ్ణి రమణీ, నాకే చెబుతావా?"

రమణి పై గీతలను కుడికి తిప్పింది. దిబ్బ మొత్తం వల పరుచుకుంది. దాన్ని ప్రింటు తీసుకుని బస్సెక్కింది.

తల్లి నాగులమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. "మేము వినోద్ మాట విని సంతకాలు పెట్టలేదమ్మే. నీ మాట విని పెట్టినాం."



అభ్యంతరాలు చెప్పుకునే గడువు ఇంకా మూడు రోజులుంది. ఆడవాళ్లంతా ఆ పటం పట్టుకుని మండలాఫీసుకు పోయి సంతకాలు వెనక్కి తీసుకున్నారు. దిబ్బను వదిలేసి కంపెనీ స్థలం మళ్లీ గీయమని ఆఫీసువాళ్లు చెప్పారు. తరువాతి ఆదివారం వినోద్ పాళేనికి వచ్చి, నాగులమ్మ ముందు తల దించుకుని నిలబడ్డాడు.

ఆ ఒక్కటి నేను కల్పించాను. వినోద్ రానేలేదు. రమణి ఆదివారం ఇంటికొస్తే బస్సు ఆగే వైపే చూస్తూ కూర్చుంటోందని, కథలోనైనా తెప్పించాను.