ముదురు గులాబీ రంగు

"తువ్వాలెక్కడ పెట్టావ్?" స్నానాల గదిలోంచి భర్త కేక.

"వస్తున్నానండీ" అంటూ ఆమె పరిగెత్తింది. పదహారేళ్ళుగా ఆ కేకకు కాళ్ళే ముందు లేస్తాయి, బుద్ధి వెనకాల వస్తుంది. తువ్వాలు తలుపు వెనక కొక్కేనికే ఉంది. తిరిగొస్తుంటే హాల్లోంచి అత్తగారు మందుబిళ్ళ అడిగారు. అదిచ్చి వంటగదిలోకి వచ్చేసరికి గట్టుమీది గాజు ఫ్లాస్కులో ద్రావణం ముదురు గులాబీ రంగుకు తిరిగి ఉంది. దానిపైన నిలబెట్టిన బ్యూరెట్ గొట్టం కుళాయి కట్టేయకుండానే వెళ్ళిపోయింది ఆమె!

కెమిస్ట్రీ టీచరు చేయాల్సిన తప్పేనా ఇది? యాసిడ్‌లోకి క్షారం చుక్కచుక్కగా వదలాలి, లేత గులాబీ రంగు నిలవగానే ఆపాలి, ఒక్క చుక్క ఎక్కువైనా మళ్ళీ మొదటికే అని పిల్లలకు చెప్పీ చెప్పీ గొంతు అరిగింది. బడిలో ఖాళీ పీరియడ్ దొరక్క, సామానంతా ఇంటికి మోసుకొచ్చి, ఫోన్‌ను డబ్బాలకు ఆనించి ఈ డిజిటల్ పాఠాలు తీస్తోంది. "వంట చేసేచోట ఆ సీసాలేమిటమ్మా, ఎవరైనా తాగితే?" అని అత్తగారు. "తీరిక ఎక్కువై ఫోన్‌తో ఆటలు" అని భర్త. ఎవరేమన్నా పదకొండు పాఠాలు పూర్తయ్యాయి. ఈ పన్నెండోది సాయంత్రంలోగా అందకపోతే మొత్తం ఫిజిక్స్ సార్‌కు అప్పగిస్తానని, పేరు కూడా ఆయనదే పడుతుందని హెడ్‌మాస్టర్ తేల్చి చెప్పారు. చూస్తే, తెచ్చుకున్న క్షారం కాస్తా అయిపోయింది.

ఏం చేయాలో తోచక తీసిన వీడియో చూసింది. చూస్తుంటే ఏడుపు ఆగలేదు. తెరమీద ఆమె లేదు. నాలుగు నిమిషాలపాటు కుళాయి కారుతూనే ఉంది, రంగు ముదురుతూనే ఉంది. ఎక్కడో దూరంగా ఎవరికో ఏదో అందిస్తూ మాట్లాడుతున్న తన గొంతు. పెళ్ళయినప్పటినుంచీ తన బతుకులో తను ఇంతేనా అనిపించింది.

కాసేపటికి ముఖం కడుక్కుని వచ్చి, ఆ వీడియోకే 'సాధారణంగా జరిగే తప్పులు' అని పేరు పెట్టింది. దానిమీద నింపాదిగా మాట జోడించింది. "పిల్లలూ, టీచర్ కుళాయి వదిలేసి వెళ్ళిపోయింది. ఏమైందో చూడండి."

ఆఫీసుకు తయారై వచ్చిన భర్త తెరలోకి తొంగిచూసి నవ్వాడు. తన కేక వినబడగానే నవ్వు ఆగిపోయింది.

"ఏయ్, నా గొంతు తీసెయ్. ఊరంతా వింటుంది."

ఇన్నాళ్ళూ తీసేస్తూనే వచ్చింది. పదకొండు పాఠాల్లోంచీ ఆ కేకల్ని ఏరి ఏరి చెరిపేసింది.

"తీయనండీ" అంది, పాఠాన్ని బడికి పంపేస్తూ. "అది తీసేస్తే నేనెందుకు వెళ్ళానో పిల్లలకు అర్థం కాదు."