పాతరలో పడుకున్న సీసా

తర్లుపాడు వెంకటసుబ్బయ్యకు ఆ ఉదయం కాళ్ళు నేల మీద నిలవలేదు. ముప్పై ఏళ్ళుగా దాచిన పోర్ట్ వైన్ సీసా ఇవాళ తెరుస్తున్నారు. అది పాడైపోయి ఉంటే మీసం తీయించుకుంటానని పక్కింటి అంకయ్యతో పందెం కాశాడాయన. అంకయ్య రేజరు జేబులో పెట్టుకుని మరీ వచ్చాడు.

మార్కాపురం పలకరాళ్ళ గనిలో మేస్త్రీగా ఉన్న రోజుల్లో, రాళ్ళు కొనడానికి వచ్చిన పోర్చుగల్ వ్యాపారి ఆ సీసా సుబ్బయ్య చేతిలో పెట్టాడు. పడుకోబెట్టి ఉంచు, ఎంత పాతబడితే అంత రుచి అని చెప్పి పోయాడు. సుబ్బయ్యేమో దాన్ని అద్దాల బీరువాలో పెట్టి నలుగురికీ చూపించుకోవాలని ఉబలాటపడ్డాడు. భార్య రాఘవమ్మ పెట్టనిస్తేగా. "దేవుని పటాలున్న ఇంట్లో సారాయి సీసా ఏంది? అది లోపలుంటే నేను బయటుంటా" అంది. చేసేది లేక పెరట్లో ఖాళీగా పడి ఉన్న జొన్నల పాతరలోకి దిగి, ఆ లోతు గోతిలో ఊక మీద సీసాను పడుకోబెట్టి, పైన బండ మూశాడు. నా సీసాను గోతిలో పూడ్పించావని ఆమెను సాధించని రోజు లేదు.

రుచి చూడ్డానికి వచ్చింది స్వర్ణలత, రాఘవమ్మ తమ్ముడి కూతురు. నాసిక్‌లో వైన్ కంపెనీలో మంచీ చెడ్డా తేల్చడమే ఆమె ఉద్యోగం. బిరడా తీయబోతే ముక్కలు ముక్కలైంది. అంకయ్య జేబు తడుముకున్నాడు.

"ఏం కాదులే మామా. పాతది గదా, అట్లే ఉంటది" అంటూ ఆమె మల్లుగుడ్డ గుండా వైన్‌ని జగ్గులోకి మెల్లగా వంచింది. మడ్డి కనిపించగానే ఆపేసింది. గ్లాసులో కాస్త పోసి ఎండకెత్తి చూసింది. ఇటుక రంగు. వాసన చూసింది. మళ్ళీ చూసింది. ఒక గుక్క నోట్లో ఉంచుకుని కళ్ళు మూసుకుంది. ఇంత పెద్ద పరీక్ష సుబ్బయ్య పదో తరగతిలో కూడా రాయలేదు.

"ఎండు ఖర్జూరం, మాగిన నేరేడు, పాత బెల్లం" అంది స్వర్ణలత. "మింగినాక గూడా నాలిక మీదే నిలిచినాది మామా. ఇట్లాంటిది నేను తాగడం ఇది రెండోసారి."

అరవై ఎనిమిదేళ్ళ సుబ్బయ్య ఎగిరి గంతేశాడు. అంకయ్య వీపు మీద ఒక్కటి చరిచాడు. "చూసినావా, నేను దాచినానంటే ఊరికేనా?"

"ఎక్కడ దాచినావు మామా?"

"పాతరలో."

"అదీ సంగతి. మన ఎండలకు బీరువాలో పెట్టింటే రెండు వేసవులకే చెడిపోయేది. ఆ గోతి చల్లదనమే దీన్ని కాపాడింది."

వంటింటి గడపలో నిలబడ్డ రాఘవమ్మ వైపు చూశాడు సుబ్బయ్య. ముప్పై ఏళ్ళ సాధింపులన్నీ ఒక్కసారి గుర్తొచ్చి సిగ్గేసింది. గ్లాసు తీసుకుని, అందరూ చూస్తుండగా ఆమె దగ్గరికి నడిచాడు.

"నాదేం లేదు. దీన్ని కాపాడింది నువ్వే. మొదటి గుక్క నీది."

రాఘవమ్మ గ్లాసు ముట్టుకోలేదు.

"అది నాకొద్దు" అంది. "ఆ మాట ఇంకొకసారి చెప్పు. అంకయ్యన్నకు వినపడినట్టు లేదు."