అరుంధతి, పాస్‌పోర్ట్ సైజు

జగన్నాధం కత్తెర ఆపి, కత్తిరించిన పాస్‌పోర్ట్ ఫోటోల అంచులు బొటనవేలితో తడిమి చూశాడు. ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో కింద స్టూడియో, మేడ మీద కాపురం. కెమెరా సంచి పట్టీ ఒరుసుకుని అతని చొక్కాలన్నీ కుడి భుజం మీదే వెలిసిపోయేవి. ముప్పయ్యేళ్ళుగా ప్రతి పెళ్ళిలోనూ అరుంధతీ దర్శనం తీశాడు. పట్టపగలు పెళ్ళికొడుకు చాచిన వేలు, పెళ్ళికూతురు ఎత్తిన గడ్డం, పంతులుగారి నవ్వు. నక్షత్రం మాత్రం ఏ ఫోటోలోనూ లేదు.

ఆ సంగతి ఈ వేసవి దాకా అతనికి తట్టలేదు. కంట్లో పొర తీయించుకున్నాక కూడా భార్య లక్ష్మీనరసమ్మకు, సప్తర్షుల్లో వశిష్ఠుణ్ణి అంటిపెట్టుకుని ఉండే ఆ చిన్న చుక్క ఆనలేదు. అరుంధతి కనపడనివాళ్ళు ఆరునెలలకు మించి బతకరని వాళ్ళమ్మ అన్న మాట ఆమెను పట్టుకుంది.

"ఈ యేడు ఆవకాయ ఎట్టను. ఎవులు తింతారు?" అనేసి, జాడీలు కడిగి అటక ఎక్కించింది.

పెద్దల మాట కాదనే ధైర్యం జగన్నాధానికి లేదు. దేవుడికి దీపం పెట్టనిదే షట్టరు ఎత్తడు. కానీ చూపు మందగిస్తే ఆయుష్షు కూడా మందగిస్తుందా అని అడగాలనిపించింది. ఎవరిని అడగాలో తెలియక కెమెరా అందుకున్నాడు.

నెల్లాళ్ళుగా చీకటి పడగానే డాబా ఎక్కుతున్నాడు. మొదట్లో చుక్కలన్నీ గీతలయ్యాయి. స్టాండు ఊగుతోందనుకుని ఇసుక సంచి వేలాడదీశాడు. అయినా గీతలే. ఫోన్లో వీడియోలు చూశాక తెలిసింది, లెన్సు ఎక్కువసేపు తెరిచి ఉంచితే కదిలేది కెమెరా కాదు, భూమి. ఆ పూట అన్నం కలుపుతూ చాలాసేపు ముద్ద ఎత్తలేదు.

పక్క కొట్టు ధనరాజు టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఏటి మావా, సుక్కలకి కూడా పాస్‌పోట్ ఫోటో తీస్తన్నావంట?"

"తెల్ల సొక్కా ఏసుకు రావొద్దన్నాను. ఇన్లేదురా."

ఆ సాయంత్రం జల్లు కురిసి వెలిసింది. స్టేషన్ దీపాలకు అట్టముక్క అడ్డం పెట్టాడు. తెర మీద వశిష్ఠుణ్ణి పెద్దది చేసి, చుక్క సూదిమొనంత అయ్యేదాకా లెన్సు చేత్తో తిప్పాడు. ఈసారి లెన్సు ఎక్కువసేపు తెరుచుకోకుండా సరిచేసి, నొక్కితే అదురుతుందని టైమరు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పక్కపక్కనే రెండు చుక్కలు వచ్చాయి.

కిందికి పోయి ప్రింటు తీశాడు. చేతి అలవాటు, కాగితం నిండా పాస్‌పోర్ట్ సైజులో ఎనిమిది వచ్చాయి. నవ్వుకుని, ఒకటి కత్తిరించి పైకి పట్టుకెళ్ళాడు.

"ఒసే, ఇలా సూడు."

లక్ష్మీనరసమ్మ కళ్ళజోడు పైటతో తుడుచుకుని ట్యూబులైటు కిందికి వచ్చింది. "పెద్దదాని పక్కన సిన్నది... అదేనా?"

"అదే."

"మన పెళ్ళినాడు నాకు ఎండే కనిపించింది." ఇంకాసేపు చూసింది. "ఫోటోలో సూస్తే లెక్కకొస్తాదంటారా?"

"కళ్ళజోడుతో సూస్తే రాదేటి? ఇదీ అద్దవేఁ కదా."

ఆమె ఫోటోను దేవుడి గూట్లో కుంకుమ భరిణెకు ఆనించింది. "రేపు కాయలు తెండి. టెంక ముదిరినవి సూసి తెండి."

అటక మీంచి జాడీలు దించేసరికి జగన్నాధానికి ఆయాసం వచ్చింది. గాలికని డాబా మీద పక్క వేసుకున్నాడు. అరుంధతి అతని కంటికి ఎప్పటిలాగే తేటగా కనిపించింది.

తెల్లారి ఆమె కాఫీ తెచ్చి పిలిస్తే పలకలేదు. నిద్రలోనే పోయాడు.

కర్మలయ్యాక ధనరాజు స్టూడియో షట్టరు ఎత్తాడు. బల్ల మీద కత్తెర కింద ఆ కాగితం అలాగే ఉంది. ఒక మూల చదరంగా ఖాళీ, మిగిలిన ప్రతి గడిలోనూ వశిష్ఠుడి పక్కన అరుంధతి.