కంచుపాదం

ఎండ పోయింది. కంచు ఇంకా వెచ్చగానే ఉంది.

రోజూ పొద్దువాలాక ఆవిడ చౌరస్తాకి వస్తుంది. విగ్రహం పాదం మీద అరచెయ్యి ఆనిస్తుంది — బిడ్డకి జ్వరం చూసినట్టు.

"ఇంకా వెచ్చగానే ఉన్నాడయ్యా," అంటుంది, పక్కన నిలబడ్డ మొగుడితో.

మొగుడు పోతపనివాడు. ఆ విగ్రహం అతని చేతిదే.

ఆ దేశంలో ప్రభుత్వాలంటే పుట్టగొడుగులు. పొద్దున మొలిచింది మాపటికి ఉండదు. అందుకే అతనో ఉపాయం పన్నాడు — ఒళ్ళు ఒకటే, తల మాత్రం మరలు తిప్పితే ఊడొచ్చేది. సేనాని పోతే వకీలు తల. వకీలు పోతే డాక్టరు తల. డాక్టరు పోతే మళ్ళీ ఇంకో సేనాని. తల మారిన పూట పావురాలు కూడా పార్టీ మారేవంటే నమ్మండి!

ఒళ్ళు ఎవరిదని మాత్రం ఎవరూ అడగలేదు.

కొడుకుది.

మొదటి సేనాని విగ్రహానికి కొడుకునే ఎదురుగా నిలబెట్టాడు. కుదురుగా ఉండరా అంటే ఈల వేసేవాడు. వాడికి బొటనవేలి కన్నా పక్కవేలు పొడుగు. ఆ వేళ్ళు చూసి మురుస్తూ మురుస్తూ... తండ్రి విగ్రహానికి బూట్లు తొడగడం మరిచిపోయాడు. సేనానికి, బూట్లు!

"బూట్లేవిరా?" సేనాని ఉరిమాడు.

"తమరు నేల విడవని మనిషి కదా బాబూ."

సేనాని మీసాల్లో నవ్వాడు. తల దక్కింది.

ఆ ఏడే, అదే సేనాని జీపు కొడుకుని ఎక్కించుకుపోయింది. వెయ్యకూడని పాట ఈల వేశాడట.

మనిషి రాలేదు. శవం రాలేదు. కబురూ రాలేదు. సోదా చేసినవాళ్ళు గోడమీది ఫొటోని మేకుతో సహా పట్టుకుపోయారు.

మిగిలింది ఆ పాదమే.

ఇప్పుడు కొత్త రాజ్యాంగం. ఏడు రాష్ట్రాల సమాఖ్య. అందరూ సమానం. ఏడుగురికీ నచ్చే తల ఒక్కటీ దొరకలేదు. మొండెం అలాగే నిలబడింది, ఎండలో, వానలో... చివరికి తేల్చారు — కరిగించి, ఏడు వాటాలు వేసి పంచెయ్యమని.

పని అతనికే అప్పజెప్పారు.

"పాదం ఒక్కటీ వదిలెయ్యి నాయనా. అది మావాడిది," అన్నాడు, ఆ హుకుం తెచ్చిన ఆఫీసరుతో.

ఆఫీసరు కుర్రవాడు, మంచివాడే. కళ్ళజోడు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఏ రాష్ట్రం వాటాలో తగ్గించమంటావు తాతా? మళ్ళీ కొట్టుకు చస్తారు."

ముసలాయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

ఇంటికొచ్చి పెళ్ళానికి చెప్పాడు. "ఏడవకే. మట్టితో అచ్చు తీసిస్తాను. అవే వేళ్ళు."

"మట్టి చల్లగా ఉంటుందయ్యా," అంది.

కొలిమి రాజేశాడు. చేతులు ముందు. ఛాతీ తర్వాత. పాదం అన్నిటికన్నా చివర. పొడుగాటి పక్కవేలు వంగింది... బొటనవేలిని ఆనుకుంది... రెండూ లేవు.

ఎర్రటి ధార. ఏడు దిమ్మెలు.

బయట ఏడు లారీలు, ఏడు జెండాలు.

మర్నాడు పొద్దువాలే వేళకి దిమ్మెలు చెయ్యి ఆనించేంతగా చల్లారాయి. ఆవిడ వచ్చింది. ఇసకలో చతికిలబడి ఒక్కోదాని మీదా అరచెయ్యి పెట్టి చూసింది. మొదటికొచ్చి మళ్ళీ చూసింది.

"ఇందులో మనవాడు ఏదయ్యా?"

అన్నీ వాడే, అందామనుకున్నాడు.

లారీవాడు హారన్ కొట్టాడు.

ఆవిడ చెయ్యి తియ్యలేదు.

ఎండ పోయింది. కంచు ఇంకా వెచ్చగానే...